పెట్టెలో పట్టని కార్డు

శ్రీకాకుళం జిల్లాలో, చెన్నై నుంచి హౌరా పోయే పెద్ద రైలుమార్గం మీద, నౌపడ అనే స్టేషను ఉన్నది. 1900లో అక్కడి నుంచి పర్లాకిమిడికి ఒక బుల్లి రైలు వేశారు. పెద్ద లైనులో పట్టాల మధ్య ఎడం అయిదడుగుల ఆరంగుళాలు. బుల్లి రైలుకు రెండడుగుల ఆరంగుళాలే. అందుచేత పెద్ద లైను మీద వచ్చిన రైలుపెట్టె ఎంత మంచిదైనా సరే, పర్లాకిమిడి పోలేదు. సరుకు దించి, చిన్న పెట్టెలలోకి ఎక్కించవలసిందే. 2004లో బుల్లి రైలును ఆపి, దాని స్థానంలో పెద్ద పట్టాలు వేసిన తరువాతనే ఈ చిక్కు తీరింది.

పిల్లలూ, సరిగా ఇలాంటి చిక్కే మీ ఇంటి కంప్యూటరుకు కూడా రావచ్చు.

మీ నాన్నగారు విజయనగరంలో ఒక కంప్యూటరు కొన్నారనుకోండి. కంపెనీవారే అన్నీ బిగించి అమ్మినది; ఏదో ఆఫీసులో కొన్నేళ్ళు పనిచేసి, చవకగా అమ్మకానికి వచ్చినది. పాఠాలకు బాగానే ఉన్నది. కాని మీకు కదిలే బొమ్మలు తయారుచేయాలని ఉన్నది. (ఆటలాడాలని కూడా ఉన్నది, అది మాకు తెలుసు!) దానికి గ్రాఫిక్స్ కార్డు కావాలి.

ఈ కార్డు చేసే పని ఏమిటి? మామూలు తెర మీద అడ్డంగా 1,920, నిలువుగా 1,080 చుక్కలుంటాయి. మొత్తం 20 లక్షల పైమాటే. వాటిని సెకనుకు 60 సార్లు కొత్తగా వేస్తే, 12 కోట్లు దాటుతాయి! ఒక్కడు ఎంత చురుకైనవాడైనా పొలమంతా ఊడ్చలేడు. వందమంది ఒక్కసారి మడిలోకి దిగితే పూటలో అయిపోతుంది. కార్డులో అలాంటి చిన్న పనివాళ్ళు వందలు, వేలు ఉంటారు.

పండుగ డబ్బులన్నీ కూడబెట్టి కార్డు తెప్పించారు. తీరా చూస్తే మూత పడదు! మామూలు కార్డు దాదాపు 11 సెంటీమీటర్ల ఎత్తు. సన్నటి ఆఫీసు పెట్టెలో ఏడు సెంటీమీటర్లు మించనిదే పడుతుంది. అలాంటి పొట్టి కార్డులను 'లో ప్రొఫైల్' కార్డులంటారు.

ఎత్తు సరిపోయినా కరెంటు సంగతి ఉన్నది. కార్డును గుచ్చే స్లాటు 75 వాట్లకు మించి ఇవ్వదు. కొన్ని పెట్టెలలో అదీ ఇవ్వదు. 2019లో వచ్చిన జి.టి.ఎక్స్. 1650 కార్డుకు 75 వాట్లు చాలు. 2021లో వచ్చిన ఆర్.టి.ఎక్స్. 3060కి 170 వాట్లు కావాలి, దానికి ఎస్.ఎం.పి.ఎస్. నుంచి వేరే తీగ రావాలి. సన్నటి పెట్టెలోని ఎస్.ఎం.పి.ఎస్. మొత్తం శక్తే సుమారు 200 వాట్లు. ఆ తీగ అసలే ఉండదు.

"పెద్ద ఎస్.ఎం.పి.ఎస్. వేస్తే సరి!" అంటారు మీరు. 1995లో ఇంటెల్ కంపెనీ వీటికి ఎ.టి.ఎక్స్. అనే కొలత ఏర్పరచిన మాట నిజమే. కాని కంపెనీ పెట్టెలు చాలావాటిలో ప్లగ్గు వేరు, ఆకారం వేరు. అంగడిలో దొరికేది వాటికి బిగియదు. ఇది మళ్ళీ నౌపడ స్టేషనే! ఆఫీసు పనికి పెద్ద కార్డు అక్కరలేదు కనుక కంపెనీవారు అలా చేశారు. అది తప్పనలేము. ఆ మాట కొనేవాడికి కనబడేలా పెట్టె మీద రాస్తే మాత్రం ఎంత బాగుండును!

కొందరు హార్డుడిస్కుకు పోయే సాటా ప్లగ్గుకు అతుకు తీగ తగిలించి కార్డుకు కరెంటు ఇస్తారు. ఆ పని ఎన్నడూ చేయకండి. ఆ ప్లగ్గు మోయగలిగింది 54 వాట్లే. అంతకు మించి లాగితే అది కరిగి అంటుకోవచ్చు.

కనుక డబ్బు ఇవ్వకముందే, పెద్దవాళ్ళను దగ్గర పెట్టుకుని, గోడ ప్లగ్గు తీసి, మూత విప్పండి. స్కేలుతో ఎత్తూ పొడవూ కొలవండి. ఎస్.ఎం.పి.ఎస్. చీటీ మీద వాట్లు ఎన్నో, పెట్టె మీద మోడలు నంబరు ఎంతో కాగితం మీద రాసుకోండి. ఆ కాగితం తీసుకునే దుకాణానికి వెళ్ళండి.

కార్డు బిగించాక తెర నల్లగా ఉంటే కంగారు పడకండి. ముందు తెర తీగ ఎక్కడున్నదో చూడండి. చాలామంది దాన్ని మదర్‌బోర్డుకే ఉంచేస్తారు. దాన్ని తీసి కొత్త కార్డుకు గుచ్చాలి.