మాత్ర ఎవరు ఆపాలి?

జమ్మలమడుగులో మా చిన్నమ్మ కూతురు కార్బిమజోల్ మానేసింది. మానమని డాక్టరు చెప్పలేదు. "గుండెదడ తగ్గింది కదా, ఇంకెన్నాళ్లు మింగుతావే?" అన్నాడు మొగుడు. మూడు నెలలకే చేతుల వణుకు, చెమటలు, నిద్ర పట్టకపోవడం, చిరాకు మళ్లీ మొదలు. ఇంట్లోవాళ్లు ఆ జబ్బుకు పెట్టిన పేరు పొగరు!

థైరాయిడ్ అతిగా పనిచేసే గ్రేవ్స్ జబ్బు మగవాళ్లకన్నా ఆడవాళ్లకే ఎన్నో రెట్లు ఎక్కువ. మాత్రలు మామూలుగా 12 నుంచి 18 నెలలు వాడాలి. ఆపేముందు టి.ఎస్.హెచ్.తో పాటు యాంటీబాడీల పరీక్ష కూడా చేయించాలి. అన్నీ సరిగ్గా చేసి ఆపినా దాదాపు సగం మందికి తిరగబెడుతుంది. అందుకే ఆపాక కూడా రక్తపరీక్షలు తప్పవు. జ్వరం, గొంతునొప్పి వస్తే మాత్రం వెంటనే మాత్ర ఆపి తెల్లకణాలు చూపించుకోవాలి. నిజంగా ఆపాల్సిన ఆ సందర్భం గురించి మా చెల్లెలికి ఎవరూ చెప్పలేదు.

పరీక్షకు కడపకో కర్నూలుకో పోవాలంటే ఒకరోజు కూలి వదులుకోవాలి, ఇంట్లో ఒప్పుకోవాలి. మొగుడి బీపీ మాత్రకు ఎవరూ గడువు పెట్టరు. ఆమె మాత్రే దండగ ఖర్చు! "మందులు మానేసింది" అని చీటీలో రాసే డాక్టర్లు, ఎవరు మాన్పించారని ఒక్కసారైనా అడిగారా? మాత్ర ఆపడంలో మాట ఆమెది, ఆమె రక్తపరీక్షది. మొగుడి విసుగుది కాదు.