మణికట్టు గడియారం లెక్కలు ఎంతవరకు నమ్మవచ్చు?

ఉదయపు నడకకు వచ్చే పెద్దలలో చాలామంది మణికట్టుకు ఇప్పుడు ఫిట్‌నెస్ గడియారం కనిపిస్తున్నది. కొందరు కొనుక్కున్నారు, కొందరికి అమెరికాలోని పిల్లలు పంపించారు. "డాక్టరుగారూ, ఇది చూపించేది నిజమేనా?" అన్న ప్రశ్న నాకు తరచు ఎదురవుతున్నది. నా అభిప్రాయం ఇది: అడుగుల లెక్కను చాలావరకు నమ్మవచ్చు, నాడి లెక్కను పరీక్షించి నమ్మాలి, కేలరీల లెక్కను పట్టించుకోనవసరం లేదు. మొదటి రెండింటిలో కనిపించే తప్పులలో చాలా వాటిని ధరించేవారే సరిదిద్దుకోవచ్చు.

గడియారం అడుగున మెరిసే ఆకుపచ్చ వెలుగును మీరు చూసే ఉంటారు. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆ కాంతిని బాగా పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా చర్మం కింది సన్నని నాళాలలో రక్తం పెరుగుతుంది, తిరిగి వచ్చే కాంతి తగ్గుతుంది. ఆ హెచ్చుతగ్గులను లెక్కించి గడియారం నాడి వేగం చెబుతుంది. కనుక కాంతికి అడ్డు వచ్చేదీ, గడియారాన్ని కదిలించేదీ ఏదైనా లెక్కను చెడగొడుతుంది. పట్టీ వదులైతే బయటి వెలుతురు లోపలికి జొరబడుతుంది. మణికట్టు ఎముక మీద కాక, దానికి ఒక వేలు వెడల్పు పైన, మోచేతి వైపుకు కట్టుకోండి. నడిచేటప్పుడు ఇంకొంచెం పైకి జరిపి, చర్మం నొక్కుకుపోనంత బిగువుగా ఉంచి, తరువాత వదులు చేయండి. గాజులు వేసుకొనే చేతికి కడితే అవి గడియారాన్ని నెడుతూనే ఉంటాయి, రెండవ చేయి మేలు. మన పెద్దతరం స్త్రీలలో కొందరికి ముంజేతిపై పచ్చబొట్లు ఉంటాయి. ఆ రంగు కాంతిని అడ్డుకుంటుంది, దాని మీద గడియారం పెట్టకూడదు. చలికాలపు ఉదయాన చేతులు చల్లబడి చర్మానికి రక్తం తక్కువగా చేరుతుంది. అప్పుడు బయలుదేరగానే కనిపించే అంకె కంటె పది నిమిషాలు నడిచి ఒళ్లు వేడెక్కాక కనిపించేది నయం. చెమట, నూనె పేరుకున్న అద్దాన్ని తుడవడం కూడా చాలామంది మరచే పని.

ఇక పరీక్ష. కుర్చీలో అయిదు నిమిషాలు కదలకుండా కూర్చుని, బొటనవేలి మూలానికి కింద, మణికట్టుపై రెండు మూడు వేళ్లు ఆనించి నిండు నిమిషం నాడి లెక్కపెట్టండి. ఇంగ్లండు వైద్యుడు జాన్ ఫ్లాయర్ సరిగ్గా నిమిషం నడిచే గడియారాన్ని ఈ పనికోసమే ప్రచారంలోకి తెచ్చింది 1707లో. మూడు వందల ఏళ్ల తరువాత కూడా ఇంతకంటె చవకైన పరీక్ష రాలేదు. మీ లెక్కకూ గడియారం లెక్కకూ నాలుగైదు తేడా ఉంటే చింత లేదు. తేడా పెద్దదై, నాడి ఒక వరుస లేకుండా కొడుతున్నట్లు వేలికి తోస్తే గడియారాన్ని సరిచేయడం మాని ఇ.సి.జి. తీయించుకోండి. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే లయదోషంలో గుండె కొట్టే ప్రతి దెబ్బా మణికట్టుకు చేరదు. స్టెతస్కోపుతో ఛాతీపై 110 వినిపిస్తే చేతి వద్ద 90 దొరకవచ్చు. ఆ 20 దెబ్బలను గడియారం చూడలేదు. గడియారం పంపే లయ హెచ్చరికను నిర్లక్ష్యం చేయవద్దు, అది రాలేదని ధీమాగానూ ఉండవద్దు.

నాకు ఎక్కువ ఆందోళన కలిగించేది మరొకటి. 220 నుండి వయసు తీసివేసి గరిష్ఠ నాడి వేగాన్ని లెక్కగట్టే పద్ధతి చాలా పరికరాలలో ఉన్నది. 70 ఏళ్లవారికి అది 150. ఆ సూత్రం సగటు మనిషికి కూడా స్థూలమైనదే. రక్తపోటుకో, గుండెజబ్బుకో మెటోప్రొలాల్, అటెనొలాల్ వంటి మందులు వాడేవారికి అది బొత్తిగా వర్తించదు. ఆ మందుల పనే గుండె వేగాన్ని అణచి ఉంచడం. గడియారానికి ఆ సంగతి తెలియదు. "ఇంకా వేగంగా" అని ప్రోత్సహిస్తూ ఉంటుంది, ఆయాసం వస్తున్నా పెద్దాయన అంకె కోసం పరుగు పెడుతూ ఉంటారు. మీరు ఆ మందులపై ఉంటే అంకెను వదలి ఊపిరిని గమనించండి. పక్కవారితో మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. అంతే వేగం చాలు. ఛాతీ పట్టేసినా, కళ్లు తిరిగినా ఆగిపోవాలి.

అడుగుల సంగతి తేలిక. చేతి కదలికను బట్టి లెక్క కనుక, మార్కెట్లో ట్రాలీ నెడుతూ నడిస్తే లెక్క తగ్గుతుంది, పిండి కలిపితే పెరగవచ్చు. చేతికర్రతో మెల్లగా నడిచేవారికి తక్కువ చూపడం మామూలే. అటువంటివారు చీలమండకు కట్టి చూడవచ్చు. రెండు వందల అడుగులు మీరే లెక్కపెట్టి సరిపోల్చండి. ఏ చేతికి కట్టారో, మీ ఎత్తు, బరువు, వయసు ఎంతో సెట్టింగులలో సరిగా ఉన్నాయో లేదో చూడండి. కొడుకు వాడి పంపిన గడియారంలో కొడుకు వయసే ఉండిపోవడం అరుదేమీ కాదు. ఇంతకూ పదివేల అడుగుల లక్ష్యం ఏ వైద్యగ్రంథంలోనూ పుట్టలేదు, 1965లో జపానులో అమ్మిన ఒక అడుగుల యంత్రం పేరులో పుట్టింది. వృద్ధ స్త్రీలపై 2019లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో రోజుకు 4,400 అడుగులకే మరణాల రేటు తగ్గడం కనిపించింది, 7,500 దాటాక అదనపు లాభం కనబడలేదు.

కేలరీలలో మాత్రం మీ జాగ్రత్త పెద్దగా ఫలించదు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం 2017లో ఏడు పరికరాలను 60 మందిపై పరీక్షించింది. వాటిలో ఆరు నాడిని 5 శాతం లోపు తప్పుతో కొలిచాయి. కేలరీలలో అన్నింటికంటె మెరుగైనది కూడా సగటున 27 శాతం తప్పింది, అధ్వానమైనది 93 శాతం. "నాలుగు వందలు ఖర్చయ్యాయి కదా" అని తిరుగు ప్రయాణంలో మిర్చిబజ్జీల బండి వద్ద ఆగేవారికి ఈ సంఖ్యలు ఉపయోగపడవచ్చు.

సూది గుచ్చకుండానే రక్తంలో చక్కెర చెబుతామనే గడియారాలు, ఉంగరాలు కూడా అమ్ముతున్నారు. అలా తమంతట తామే చక్కెరను కొలిచే ఏ గడియారానికీ, ఉంగరానికీ తాము అనుమతి ఇవ్వలేదని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఫిబ్రవరి 2024లో హెచ్చరించింది. చర్మంలోకి సన్నని తీగ గుచ్చుకొని ఉండే సెన్సరు పంపే అంకెను గడియారంలో చూడటం వేరు, అది సెన్సరు కొలత. మొదటి రకం మీ ఇంట్లో ఇప్పటికే ఉంటే టైము చూసుకోవడానికి వాడండి, ఇన్సులిన్ మోతాదును గ్లూకోమీటరు చూసే నిర్ణయించుకోండి.