కన్నులు పొడుచు వెలుగు మనకు వలదు

జె.సి. రోడ్డున విడిభాగముల వ్యాపారము చేయు మన తెలుగువారిలో కొందరైనను ఈ వ్రాత చదివి నాపై కినుక వహింతురని యెరుగుదును. వహించినను సరే. మోటారు సైకిళ్ళకు అదనపు దీపములని పేరుపెట్టి నేడు మన బజారులో అమ్ముడుపోవుచున్న సరకు చాలవరకు కొన్నవానికి దారి చూపుటకంటె ఎదుటివానిని గ్రుడ్డివానిని చేయుటకే యెక్కువ పనికివచ్చుచున్నది.

అదనపు దీపమే అక్కరలేదని నేననుట లేదు. చిన్న బండ్లకు కంపెనీవారిచ్చు దీపము చాలదనుట నిజమే. చిక్కబళ్ళాపురము దాటి బాగేపల్లి మీదుగా అనంతపురము పోవు మన యువకులకును, ముళబాగిలు దారిన చిత్తూరు పోవువారికిని చీకటిలో అడ్డువచ్చు పశువు, వెనుక దీపము లేని ట్రాక్టరు ఎంత అపాయమో తెలియనిది కాదు. గంటకు 80 కిలోమీటర్ల వేగమున పోవువాడు సెకనుకు 22 మీటర్లు సాగిపోవును. అడ్డము చూచి, తెలిసికొని, బ్రేకు వేసి బండి నిలుపునప్పటికి సుమారు 75 మీటర్లు గడచిపోవును. అంతదూరము కనబడనివాడు ఆ వేగమున పోరాదు. పోవలెనన్నచో మంచి దీపము కావలెను. ఇంతవరకు ఎవ్వరికిని పేచీ లేదు.

పేచీ యంతయు మంచి దీపమేది యన్నచోటనే. దుకాణమునకు వచ్చిన పిల్లవాడు మొట్టమొదట అడుగు ప్రశ్న "ఎన్ని వాట్లు?" అని. వాటు దీపము తిను కరెంటుకు కొలత గాని అది యిచ్చు వెలుగునకు కొలత గాదు. ఇక అట్టపెట్టెల మీది లెక్కలు చూడుడు! 20 వాట్ల ఎల్.ఇ.డి. దీపమునకు 10,000 ల్యూమెన్లని అచ్చొత్తి యమ్ముచున్నారు. మంచి ఎల్.ఇ.డి. సైతము వాటుకు 100, మహాయైన 150 ల్యూమెన్లు ఇచ్చును. అనగా 20 వాట్లకు దక్కునది 2,000 మొదలు 3,000. తక్కిన యేడువేలు ఏ మిల్లునుండి దిగుమతి యయ్యెనో! కందిపప్పులో ఇట్టి తూకము వేసిన వర్తకుని మనము పదిమందిలో కూర్చుండనిత్తుమా?

అయ్యా, వెలుగు ఎంత యన్నది తరువాతి మాట; ఎచ్చట పడుచున్నది యన్నది మొదటి మాట. దూరము చూపు దీపము సన్నని కిరణముతో నిటారుగా పోవును. ఎదుట ఎవ్వరును లేనప్పుడే దానిని వాడవలెను. అందుచేత హెడ్‌లైటు దించినంతనే అదియు ఆరిపోవునట్లు తీగ కలుపుట న్యాయము. పొగమంచు దీపము అట్టిది గాదు. దాని వెలుగు వెడల్పుగా, క్రిందుగా పరచుకొని, పైన కత్తితో కోసినట్లు ఒక గీత వద్ద ఆగిపోవలెను. ఆదివారము తెల్లవారకముందే నందికొండకు పరుగెత్తు మన పిల్లలు మంచులో దూరపు దీపము వేసికొని, ఎదుట తెల్లగోడ తప్ప మరేమియు కానరాక, ఇంకొక జత కొనుటకు సోమవారము మరల దుకాణమునకు వచ్చెదరు! పసుపు రంగైనచో మంచును చీల్చునని యొక నమ్మకము గలదు. ఫ్రాన్సు దేశమున 1936 నుండి 1993 వరకు కార్ల ముందు దీపములు పసుపుగా నుండవలెనని శాసనమే యుండెను. కొందరి కన్నులకు పసుపు హాయి గొలుపునేమో గాని మంచుబిందువులు అన్ని రంగులను ఇంచుమించు ఒకే తీరున చెదరగొట్టును. పనిచేయునది ఆ కోతగీతయు, దీపమును క్రిందుగా బిగించుటయు. ఫిలమెంటు బల్బుకై మలచిన అద్దపుడిప్పలో ఎల్.ఇ.డి. బల్బు దూర్చువారు ఆ గీతనే పాడుచేయుచున్నారు.

ఇది నా సొంత శాసనము గాదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమములలో 106వ నియమము చదువుడు. దీపమునకు 8 మీటర్ల ముందు, అర మీటరు కుడివైపునకు, నేలకు మీటరున్నర ఎత్తున నున్న కన్ను మిరుమిట్లు గొనరాదు. సైకిలుపై వచ్చు పాలవాని కన్ను ఇంచుమించు ఆ యెత్తుననే యుండును. 2024 జూలైలో కర్ణాటక పోలీసులు ఇట్టి దీపములపై రాష్ట్రమంతట కేసులు వ్రాసిరి. జరిమానా కట్టినవాడు కొన్నవాడు; అమ్మినవాడు గల్లాపెట్టె వదలి లేవలేదు.

"లారీవాడు నా కంట కొట్టుచున్నాడు, నేనెందుకు కొట్టరాదు?" అని కొందరు వాదింతురు. ఒక గ్రుడ్డివాడు ఎదురువచ్చుట చాలక రెండవవాడు కూడ గ్రుడ్డివాడు కావలెనా? మీరు కంట కొట్టిన లారీ మీవైపునకే గదా వచ్చునది!

బిగించుటలోని అశ్రద్ధ వేరొక కథ. 20 వాట్ల జోడు 12 వోల్టులపై 3 ఆంపియర్లకు పైగా గుంజును. దానికి రిలేయు, 5 ఆంపియర్ల ఫ్యూజును వేయక, హెడ్‌లైటు తీగ గీకి టేపు చుట్టి పంపుట పని గాదు, పాపము.

సోదర వర్తకులను నేను కోరునది ఒక్కటే. దీపము బిగించిన పిదప ప్రొద్దుగూకినంతనే బండిని ప్రక్క సందులో నిలిపి, 8 మీటర్లు టేపుతో కొలిచి, కొన్నవానినే అచ్చట నిలువబెట్టి తన దీపమును తానే చూడనిండు. జె.సి. రోడ్డున 8 మీటర్ల ఖాళీ ఎచ్చట దొరకునని నవ్వవచ్చును. రాత్రి తొమ్మిది దాటిన పిదప దొరకును. చూచి కన్ను మూసికొన్నవానికి డబ్బు తిరిగి యిచ్చి, ఆ సరకును పంపినవానికే పంపివేయుడు. రానున్న మన సమావేశమున ఇందుకు ఎందరు చేయి యెత్తుదురో చూతును.