పువ్వుల ముమ్మడి ఇంట్లో ఒక పూట

కాకతి రుద్రమదేవి ఎప్పుడు కన్నుమూసిందో చాలాకాలం ఎవరికీ రూఢిగా తెలియదు. చివరికి ఆ సంగతి చెప్పింది పువ్వుల ముమ్మడి అనే ఒక బంటు. నకిరేకల్ దగ్గర చందుపట్లలో అతను శాసనం వేయించాడు. రుద్రమదేవీ, తన దొర, సేనాని మల్లికార్జున నాయకుడూ శివలోకానికి వెళ్లారనీ, వాళ్ల పుణ్యం కోసం సోమనాథ దేవుడికి భూమి ఇస్తున్నాననీ అందులో ఉంది. అది 1289 నవంబరు. రాణీ, సేనానీ కలిసే పోయారు కాబట్టి తిరగబడ్డ సామంతుడు కాయస్థ అంబదేవుడితో జరిగిన పోరులోనే అయి ఉంటుందని చరిత్రకారుల ఊహ. శాసనంలో మాత్రం ఆ మాట లేదు.

చారిత్రక నవలలు ఎందుకు రాస్తారని అడిగేవాళ్లకు నేను ఈ ముమ్మడినే చూపిస్తాను. ఇప్పటి కష్టాలకు మొహం చాటేయడానికే రచయితలు పాతకాలంలోకి పోతారన్న మాట నేను ఒప్పుకోను. పోయిన దొర కోసం సొంత నేల వదులుకున్న మనిషి ఏడు వందల ఏళ్లుగా రాయి మీద నిలబడి ఉంటే, పలకరించకుండా ఎలా దాటిపోతాం?

రాణీ, దొరా పోయిన కబురు వచ్చిన పూట ముమ్మడి ఇంట్లో భోజనాల ఘట్టం నా నవల కోసం రాశాను. విస్తట్లో పచ్చిమిరపకాయల పచ్చడి వేసేశాను. మర్నాడు చదువుకుంటే గుండె గుభేలుమంది. మిరప మన నేలకు వచ్చింది పోర్చుగీసు ఓడల తర్వాత. అంటే ముమ్మడి పోయిన రెండొందల ఏళ్లకు. టమాటా లేదు, ఆలుగడ్డ లేదు, వేరుశనగ లేదు. పచ్చడి కొట్టేసి, మిరియాలు దంచి చింతపండు చారు పెట్టించాను. ఆ ఘాటుకు పొయ్యి దగ్గర అతని భార్యకు పొలమారింది. దగ్గు ఆగాక అడిగింది: "పొలం ఇచ్చేస్తే పిల్లలేం తింటారు?" అప్పటిదాకా ఆ ఇంట్లో ఆమె ఉందనే నాకు తట్టలేదు.

ఆమెను కల్పించే హక్కు నాకుంది. రుద్రమదేవికి పాతికేళ్ల వయసు అంటగట్టే హక్కు లేదు. పాతికేళ్లకు పైగా రాజ్యం ఏలి, మనవడు ప్రతాపరుద్రుడు చేతికందిన వయసులో ఆమె పోయింది. మన పుస్తకాల అట్టల మీద, సినిమా పోస్టర్ల మీద ఆమె ఎప్పుడూ పడుచే. అడవి బాపిరాజు 'గోన గన్నారెడ్డి', నోరి నరసింహశాస్త్రి 'రుద్రమదేవి' రాసేనాటికి ఈ శాసనం వెలుగులోకి రాలేదు. మనకు వచ్చింది. వచ్చాక కూడా ఆ ముదివయసును దాచేస్తే అది ఆమెకు చేసే అన్యాయమే. నెరిసిన జుట్టుతో యుద్ధానికి కదిలిన రాణి కంటే పెద్ద కథ ఇంకేం కావాలి?

ముమ్మడి భార్య ప్రశ్న దగ్గర నేను మూడు నెలలుగా ఆగిపోయాను. అతని చేత ఏ జవాబు చెప్పించినా ఆమె ముందు తేలిపోతోంది. భూమి మాత్రం అతను ఇచ్చేశాడు. ఆ సంగతి రాతి మీద ఉంది.