పదిహేనన్నరు, ఏడున్నర ఇచ్చిన్రు

చదువుకు బడ్జెట్‌ల 15 శాతం ఇస్తమని 2023 మేనిఫెస్టోల కాంగ్రెస్ రాసుకున్నది. 2025-26ల రూ.3,04,965 కోట్ల బడ్జెట్ పెట్టి, చదువుకిచ్చింది రూ.23,108 కోట్లు. ఏడున్నర శాతం, ఇచ్చిన మాటల సగం.

యంగ్ ఇండియా గురుకులాలకు ఒక్కోదానికి రూ.200 కోట్లట. కట్టనీయండి, నేను కాదంటలేను. కానీ చర్ల, దుమ్ముగూడెం గూడేలల్ల ఆరేండ్ల కోయ పిల్ల గురుకులానికి పోతదా? ఆ పిల్లకు ఊర్లనే బడి గావాలె, కోయ మాట తెల్సిన పంతులు గావాలె. ఏజెన్సీ పంతుళ్ల కొలువులన్నీ స్థానిక గిరిజనులకేనన్న జీవో 3ను 2020ల సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ భరోసా గూడ పాయె. ఒక్క పంతులే ఐదు తరగతులు చెప్పే కాడ, ఆయన మీటింగుకు పోతే బడికి తాళమే.

భద్రాచలం, పినపాక ఎమ్మెల్యేలు అసెంబ్లీల ఆ 15 శాతం సంగతి అడగాలె. ముందుగాల గూడెం బడికి రెండో పంతులును తేవాలె. తమ్మీ, మీ బడిల పంతుళ్లెందరో లెక్కజేసి మీ ఎమ్మెల్యేకు వాట్సాప్ జెయ్యి.