మన తప్పులన్నిటికీ దేవుని చిత్తం అని పేరు పెట్టొద్దు



ఇది రాయాలా వద్దా అని చాలా రోజులు తటపటాయించాను. కొంతమందికి కోపం వస్తుంది. వచ్చినా సరే, చివరిదాకా చదవండి.

ఆ మధ్య ఒక సమాధి కార్యక్రమానికి వెళ్లాను. అప్పుల బాధ తట్టుకోలేక ప్రాణం తీసుకున్న కౌలు రైతు. భార్య, ఇద్దరు చిన్న పిల్లలు. వాక్యం చెప్పడానికి వచ్చిన పెద్దాయన ఆ అమ్మాయి వైపు చూసి "ఇదంతా దేవుని చిత్తం తల్లీ, ఏడవద్దు" అన్నాడు. అందరం తలలూపాం. నేనూ ఊపాను. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగలేదు.

నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీ దేవుడు పెట్టాడా? అంటే ఏడాదికి 36 రూపాయలు. లక్ష తెస్తే ఏడాది తిరిగేసరికి వడ్డీయే 36 వేలు. ఆ డబ్బు తిప్పేవాళ్లలో ఆదివారం ముందు వరసలో కూర్చునేవాళ్లు లేరా? బీదవాడి దగ్గర వడ్డీ గుంజొద్దని మోషే ధర్మశాస్త్రంలో స్పష్టంగా ఉంది. దేవుడు వద్దన్న పని మనం చేసి, దాని వల్ల ఒక మనిషి పోతే, ఆ చావును తీసుకెళ్లి దేవుడి ఖాతాలో రాస్తున్నాం. ఇది విశ్వాసం కాదు. దేవుడి మీద అబద్ధ సాక్ష్యం చెప్పడం.

ఇంకొకరిని అనేముందు నా సంగతి చెప్పాలి. 2021లో మూడెకరాలు కౌలుకి తీసుకున్నాను. ఆ ఏడు జనవరి ఒకటో తారీఖు ఆరాధనలో నాకు వచ్చిన వాగ్దానపు కార్డు మీద సమృద్ధి గురించి మాట ఉంది. ఇంకేం, దేవుడు మాట్లాడేశాడు అనుకున్నాను. మూడెకరాలూ మిర్చే వేస్తానన్నాను. మా ఇంటావిడ "ఏందయ్యా, ఒక్క ఎకరమన్నా మొక్కజొన్న వేద్దాం, అంతా ఒకేదాని మీద పెడితే ఎట్టా?" అంది. నేనేమన్నానో తెలుసా? "నీకు విశ్వాసం లేదు, నోరు మూసుకో" అన్నాను.

ఆ ఏడాది చివర్లో నల్ల తామర పురుగు వచ్చింది. గుంటూరు, ప్రకాశం, ఖమ్మం, వరంగల్ వైపు మిర్చి వేసినవాళ్లు ఎవరూ మర్చిపోరు. పూతలో చేరి పూతంతా రాల్చేసింది. కొట్టిన మందల్లా కొట్టాం, షాపువాళ్లు ఇచ్చిందల్లా కొట్టాం. చివరికి చేను దున్నేసినవాళ్లు ఎంతోమంది. నేను ఆ మాట అనకుండా ఉంటే ఒక్క ఎకరమన్నా మిగిలేది. పురుగు రావడం నా తప్పు కాదు. కానీ ఇంట్లోవాళ్లు చెప్పిన మంచి మాటను దేవుడి పేరు చెప్పి నొక్కేయడం మాత్రం నా తప్పే. నాకు కావలసిందేదో నేనే నిర్ణయించుకుని, దాని కింద దేవుడి సంతకం పెట్టించుకోవాలని చూశాను.

కార్డు మీద ఉండేది వాక్యమే, కాదనను. కానీ అది ఏ పంట వేయాలో చెప్పే చీటీ కాదు. అదే కార్డు ఆ రోజు పక్కూరి పత్తి రైతుకూ వచ్చి ఉండొచ్చు, టౌన్లో ఉద్యోగం చేసే అబ్బాయికీ వచ్చి ఉండొచ్చు. వాళ్లు కూడా మిర్చి వేయాలా?

కొందరు గిద్యోను ఉన్ని గురించి చెబుతారు. నిజమే, గిద్యోను కూడా మనలాంటి రైతే. మిద్యానీయులకు భయపడి ద్రాక్ష గానుగ చాటున గోధుమలు దుళ్లగొట్టుకునేవాడు. కానీ ఒక్కటి గమనించండి. ఉన్ని పరచడానికి ముందే దేవుడు అతనికి ఏం చేయాలో చెప్పేశాడు. చెప్పింది నమ్మలేక అతను గురుతు అడిగాడు. దేవుడు జాలిపడి ఇచ్చాడు. అది భయపడినవాడి మీద దేవుడు చూపిన ఓర్పు. మనం దాన్ని పద్ధతిగా మార్చేశాం. చీట్లు వేసే సంగతీ అంతే. మత్తీయను ఎన్నుకునేటప్పుడు అపొస్తలులు చీట్లు వేశారు. ఆ తర్వాత పెంతెకొస్తు నాడు పరిశుద్ధాత్మ వచ్చాడు. అక్కడి నుంచి కొత్త నిబంధన చివరిదాకా శిష్యులు చీట్లు వేసి ఏదైనా తేల్చుకున్నట్టు ఎక్కడా లేదు. కూర్చుని మాట్లాడుకున్నారు, ప్రార్థించారు, వాదించుకున్నారు, నిర్ణయించుకున్నారు.

ఇంకో రకం ఉన్నారు. కారులో వచ్చి, విత్తనాల సంచి మీద చెయ్యిపెట్టి, "ఈ ఏడు నీ చేను నూరంతలు" అని చెప్పి కవరు తీసుకుని వెళ్లేవాళ్లు. పంట పండితే నా ప్రవచనం అంటారు, ఎండితే నీ అవిశ్వాసం అంటారు. రెండు వైపులా గెలిచే పందెం అది. ఎరువుల షాపు ఆయనన్నా నాసిరకం విత్తనం ఇస్తే బిల్లు చూపించి నిలదీయొచ్చు. ఈ ప్రవక్తలను ఏ బిల్లు పెట్టి అడుగుతాం?

"అంటే దేవుడు మాట్లాడడంటావా?" అని అడుగుతారు. మాట్లాడతాడు. కానీ ఆయన ఇప్పటికే చెప్పిన మాటలు ఎన్ని చేశాం? కూలి ఇవ్వకుండా బిగబట్టిన డబ్బు దేవుడికి మొరపెడుతుందని యాకోబు రాశాడు. మిరపకాయలు కోసిన ఆడవాళ్లకు ఆ వారం డబ్బులు ఆ వారమే ఇచ్చామా? దొంగ తూకాలు ఆయనకు అసహ్యమని సామెతల్లో ఉంది. కాటా దగ్గర బరువు రావాలని కాయల మీద నీళ్లు చల్లామా లేదా? మందు కొట్టిన రెండో రోజే కూరగాయలు కోసి సంతకు పంపామా లేదా? వీటిలో దేవుని చిత్తం తెలుసుకోవడానికి ఉపవాసం అక్కర్లేదు. తెలిసినదాన్ని పక్కన పెట్టి తెలియనిదాని కోసం కన్నీళ్లు పెట్టుకుంటే ఆయనకు ఎట్టా ఉంటుంది?

లెక్క వేసుకోవడం అవిశ్వాసం కాదు. గోపురం కట్టేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకుంటాడని చెప్పింది యేసు ప్రభువే. యోసేపుకు ఏడేళ్ల పంట, ఏడేళ్ల కరువు ముందే తెలిశాయి. తెలిసింది కదా అని చేతులు కట్టుకుని కూర్చోలేదు. పండిన దాంట్లో అయిదో వంతు పక్కన పెట్టించి కొట్లు నింపాడు. మరి మనం? వరి కోసి పనలు ఆరబెట్టాక వాన పడింది. బీమాలో నమోదైన పంటైతే 72 గంటల్లోపు తెలియజేయాలి. మా దగ్గర ఒకాయన మూడు రోజుల ఉపవాసం పట్టి నాలుగో రోజు బయలుదేరాడు. గడువు అయిపోయింది. "దేవుని చిత్తం" అన్నాడు. కాదన్నా. మొదటి రోజు ఒక ఫోన్ చేసి, ఆ తర్వాత ఉపవాసం ఉన్నా దేవుడు వినేవాడు.

మన ప్రాంతం చరిత్రలోనే ఒకటి చెబుతాను. 1876 నుంచి 1878 దాకా వచ్చిన కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొర ఏం చేశాడు? ఆయనకు సర్వే పని తెలుసు. బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వే కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు పని, కూలి ఇచ్చాడు. ఇంకా గట్టి మాట ఏంటంటే, కరువు నడిచే రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. గింజల కోసం ఎవరూ రాకూడదని. కరువు తగ్గాక, 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజే 2222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మనలో చాలామంది తాతముత్తాతల విశ్వాసం ఆ కాలానిదే. ఆయన ప్రార్థనా చేశాడు, కొలతల గొలుసూ పట్టుకున్నాడు. ఒకటి చేస్తే రెండోది అక్కర్లేదనుకోలేదు.

మరి అప్పగించుకోవడం అంటే ఏంటి? గెత్సెమనే తోట చూడండి. ప్రభువు నోటి నుంచి తండ్రి చిత్తమే జరగాలన్న మాట ఊరికే రాలేదు. ముందు తనకు ఏం కావాలో దాచకుండా అడిగాడు. మూడు సార్లు అడిగాడు. చెమట కారేదాకా ప్రార్థించాడు. ఆ తర్వాత అప్పగించాడు. మనం ఆ చివరి మాట ఒక్కటి పట్టుకుని, ముందున్న పెనుగులాటంతా వదిలేశాం. చేయాల్సింది చేసి, అడగాల్సినవాళ్లను అడిగి, ఇంట్లోవాళ్ల మాట విని, ఆ తర్వాత కూడా మన చేతిలో లేనిది చాలా ఉంటుంది. వాన, పురుగు, రేటు. అక్కడ పెట్టాలి నమ్మకం. పంట పోయినా ఆయన మనల్ని వదలడని నమ్మడం, పోయిన ఏడు కూడా కూలి ఎగ్గొట్టకుండా ఉండడం. నాకు తెలిసిన విశ్వాసం ఇదే.

ఈసారి మా ఇంట్లో పద్ధతి మార్చాం. ఏ పంటైనా నేనూ ఆవిడా కాగితం మీద లెక్క రాసుకుని, ఇద్దరం ఒప్పుకున్నాకే మోకాళ్ల మీద పడుతున్నాం. ఆ రోజు అన్న మాటకు ఆవిడకు క్షమాపణ చెప్పాను. చెప్పడానికి మూడేళ్లు పట్టింది.

చివరిగా ఒక మాట. అప్పు మీద పడి గుండె బరువెక్కినవాళ్లు ఎవరన్నా ఇది చదువుతుంటే, దయచేసి ఒంటరిగా ఉండొద్దు. ఇంట్లో చెప్పండి, నాకు చెప్పండి. 14416 టెలీ మానస్ నంబరుకు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు. మీరు బతకడం దేవుని చిత్తం. ఈ ఒక్కదానికి ఏ కార్డూ తీయక్కర్లేదు.

సంఘ పెద్దలకు నా మనవి. ఈ ఆదివారం ఆ అమ్మాయి అప్పు సంగతి మాట్లాడదాం. వడ్డీ ఎవరు వదులుకుంటారో అక్కడే తేలుద్దాం.