కుట్లు విప్పారు కదా, ఇక స్లిప్ టెస్టులేనా?

బండి మీంచి పడో, మేడ మెట్ల మీంచి జారో తలకు గట్టి దెబ్బ తగిలిన పిల్లలు మళ్లీ బడికి వచ్చేసరికి కుట్లు విప్పేసి ఉంటారు. స్కాన్‌లో ఏమీ లేదన్నారని ఇంట్లో ఊపిరి పీల్చుకుంటారు. మమ్మల్ని అడిగే మొదటి ప్రశ్న మాత్రం ఒకటే: "మేడమ్, పోయిన సిలబస్ ఎప్పటికల్లా పూర్తి చేయిస్తారు?"

సిలబస్‌ను కొన్నాళ్లు పక్కన పెడదామంటాను. దెబ్బ తిన్న మెదడు చదవగలదు, కానీ త్వరగా అలసిపోతుంది. మొదటి పీరియడ్‌లో చక్కగా జవాబు చెప్పిన పిల్ల నాలుగో పీరియడ్‌కు బల్ల మీద తల వాల్చేస్తుంది. నెమ్మదస్తుడైన పిల్లాడు పెన్ను అడిగినా విరుచుకుపడతాడు. కోపాన్ని అదుపులో ఉంచడంలో నుదుటి వెనకున్న మెదడు భాగానిది పెద్ద పాత్ర. మామూలు పిల్లల్లోనే అది ఇరవై ఏళ్లు దాటాక గానీ పూర్తిగా ఎదగదు. అక్కడ దెబ్బ తగిలిన పిల్లాణ్ని "పొగరెక్కింది" అనడం ఏం న్యాయం?

అంతకంటే బాధ, ఆ తేడా వాళ్లకే తెలియడం. కాస్త పెద్ద పిల్లలైతే తమ పాత మార్కులతో తామే పోల్చుకుంటారు. మొదటి వారం చుట్టూ మూగిన స్నేహితులు నెల తిరిగేసరికి పలచబడతారు. ముభావం, నిద్రలేమి, బండి ఎక్కాలంటే వణుకు... వీటికీ వైద్యం కావాలి.

అలాగని నెలల తరబడి చీకటి గదిలో పడుకోబెట్టమనడం లేదు. స్వల్ప దెబ్బలకు ఒకటి రెండు రోజుల విశ్రాంతి చాలు, ఆపై మెల్లగా చదువు, ఆ తర్వాతే ఆటలు అన్నది 2022 ఆమ్‌స్టర్‌డామ్ సదస్సులో నిపుణులు చెప్పిన పద్ధతి. పెద్ద దెబ్బలకు డాక్టరు మాటే లెక్క.

బడి చేయాల్సిందీ ఉంది. కొన్ని వారాలు పూట బడి, పరీక్షల్లో అదనపు సమయం, స్టడీ అవర్ నుంచి మినహాయింపు ఇవ్వాలి. ర్యాంకుల బోర్డు మీద రెండు నెలలు ఆ పేరు లేకపోతే ఎవరికీ నష్టం లేదు, మాకు కూడా.

కానీ మాకు తెలియాలి కదా! ఆడపిల్ల అయితే పెళ్లి సంబంధాల దాకా ఆలోచించి, తల దెబ్బను దాచి "జ్వరం" అని లీవ్ లెటర్ రాసే ఇళ్లున్నాయి. అప్పుడు ఆ పిల్ల మరచిపోయిన ప్రతి హోంవర్కూ మా కంటికి బద్ధకంలాగే కనిపిస్తుంది. డిశ్చార్జ్ సమ్మరీ కాపీ ఒకటి క్లాస్ టీచర్‌కు ఇవ్వండి. దిగులు తగ్గకపోతే టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. ప్రభుత్వానిదే, ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు.